కొమ్ముల బస్సులో నేర్చుకున్న ఊరు

అమెరికాలో మా డేటన్ ఊళ్ళో ఉన్న తెలుగువాళ్ళలో సిటీ బస్సెక్కే మనిషిని నేనొక్కదాన్నేనని మావాళ్ళందరి నమ్మకం. అది నిజం కాదు. మాస్టర్స్ చదివే పిల్లలు బోలెడుమంది ఎక్కుతారు. కాకపోతే వాళ్ళకి అది కారు కొనుక్కునేదాకా పడే కష్టం. నా సంగతి వేరు. కారు గరాజ్‌లోనే ఉంది, తాళంచెవి గుమ్మం పక్కన మేకుకి వేలాడుతూనే ఉంది, కానీ అది ఇక నాది కాదు.

నా కళ్ళ సంగతి ముందే చెప్పేస్తాను, మళ్ళీ మళ్ళీ చెప్పక్కర్లేకుండా. ఎదురుగా ఉన్నది నాకు బాగానే కనిపిస్తుంది. పక్కలే లేవు. గొట్టంలోంచి చూసినట్టు ఉంటుంది. ఆ గొట్టం ఏడాదికేడాది సన్నబడుతుందనీ, ఎక్కడ ఆగుతుందో, అసలు ఆగుతుందో లేదో చెప్పలేననీ డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. డ్రైవింగ్ మాత్రం ఆ రోజు నుంచే వద్దంది. అప్పటిదాకా ఈ ఊళ్ళో నేనొక పేరున్న డ్రైవర్ని. ఎయిర్‌పోర్ట్‌లో దిగిన కొత్త పిల్లల్ని తెచ్చేది నేను, పురుళ్ళకి వచ్చిన అమ్మల్నీ అత్తగార్లనీ గుడికి తిప్పేది నేను, కరివేపాకు కోసం కొలంబస్ దాకా వెళ్ళొచ్చేది నేను. ఒక్క మధ్యాహ్నంతో అదంతా అయిపోయింది. చాలా రోజులు బయటివాళ్ళెవరితోనూ మాట్లాడలేదు. మా ఆయన మీద మాత్రం అరిచాను. ఎవరో ఒకరి మీద అరవాలి కదా.

మావాళ్ళు ఊరుకుంటారా? నేను వదిన అని పిలిచే స్నేహితురాలు ఒకావిడ ఉంది. చుట్టరికమేమీ లేదు, ఇద్దరం ఒకే ఏడు ఈ ఊరొచ్చాం, అంతే. మనిషి బంగారం. బంగారం లాంటి మనిషికి ఎదురు చెప్పడం ఎంత కష్టమో అనుభవిస్తేగానీ తెలీదు. ఆవిడ తెలిసినవాళ్ళని పోగేసి నాకోసం ఒక వాట్సాప్ గ్రూప్ పెట్టింది. బయటికి వెళ్ళాలంటే నేను అందులో మెసేజ్ పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడికి అని. ఎవరికి వీలైతే వాళ్ళు వచ్చి ఎక్కించుకుంటారు. వచ్చేటప్పుడు పులిహోర డబ్బా కూడా తెస్తారు.

గడప దాటుతున్న మనిషిని ఎక్కడికి అని మనవాళ్ళు అడగరు. అడిగితే వెళ్ళిన పని కాదంటారు. మరీ ఉండబట్టకపోతే దూరమా అని అడుగుతారు. ఇన్నేళ్ళు అమెరికాలో ఉన్నా మా వదినకి ఆ పట్టింపు పోలేదు. అలాంటావిడే ఇప్పుడు నన్ను రోజూ ఎక్కడికి అని అడగాల్సి వచ్చింది. ఆవిడ తప్పు లేదు. కారు నడిపేవాళ్ళకి ఎక్కడికో తెలియాలి కదా. చిక్కేమిటంటే, చాలాసార్లు నాకు ఎక్కడికీ కాదు. ఊరికే బయటపడాలనిపిస్తుంది, నాలుగు ముఖాలు చూసి రావాలనిపిస్తుంది. ఒకసారి ధైర్యం చేసి, "ఊరికే అలా బయటికి" అని గ్రూప్‌లో పెట్టాను. నిమిషంలో వదిన ఫోన్ చేసింది. "ఏమైంది? ఇంట్లో ఏమన్నా గొడవా?" అంది గొంతు తగ్గించి.

ఆ కోపంలోనే మొదటిసారి బస్సెక్కాను.

మేముండే అపార్ట్‌మెంట్ ఊరి మధ్యలో ఉంది, మా ఆయన కంప్యూటర్ల పని చేసే హాస్పిటల్‌కి దగ్గరని తీసుకున్నాం. మా ఇంటి ముందు నుంచి వెళ్ళే బస్సుకి నెత్తి మీద రెండు పొడుగాటి కడ్డీలుంటాయి. రోడ్డుకి పైన కట్టిన రెండు కరెంటు తీగల్ని పట్టుకుని నడుస్తుంది. ఇంగ్లీషులో ట్రాలీ బస్సంటారు, నేను కొమ్ముల బస్సంటాను. ఈ దేశంలో ఇలాంటివి చాలా కొద్ది ఊళ్ళలోనే మిగిలాయట. కారు నడిపిన రోజుల్లో దాని వెనకాల ఇరుక్కుని ఎన్నిసార్లు తిట్టుకున్నానో! ఎక్కి కూర్చున్నాక తెలిసింది, దానికి పొగా లేదు, మోతా లేదు. డ్రైవర్ గుడ్ మార్నింగ్ అన్నాడు, ఇంకేమీ అడగలేదు. చివరి స్టాప్ దాకా వెళ్ళి, దిగకుండా అదే బస్సులో వెనక్కి వచ్చాను. అంత సుఖంగా ఊపిరి పీల్చుకుని ఎన్నాళ్ళయిందో నాకే గుర్తు లేదు.

తర్వాత రోజూ వెళ్ళడం మొదలుపెట్టాను. నాలాంటి చూపుకి ఆ తీగలు ఎంత సాయమో చెప్పలేను. తలెత్తితే చాలు, బస్సు ఏ వీధిలో తిరుగుతుందో పైన కనిపిస్తూనే ఉంటుంది. బస్సు రావడానికి కాస్త ముందే తీగ సన్నగా జివ్వుమంటుంది. వేరే రూటు తీగలు అడ్డొచ్చిన చోట కడ్డీలు టకటకమంటాయి. కొన్నాళ్ళకి ఆ చప్పుళ్ళు ఎక్కడెక్కడ వస్తాయో నోటికొచ్చేశాయి. అప్పుడొక రోజు కళ్ళు మూసుకుని చూశాను. గొట్టం పూర్తిగా మూసుకుపోయాక నేర్చుకోవడం మొదలుపెడితే లాభం లేదు, చూపుండగానే ఒక ఊరిని నేర్చేసుకోవాలి అనిపించింది. ఒక్కో స్టాప్‌కి పేరు మనసులో అనుకుని, కళ్ళు తెరిచి సరిచూసుకునేదాన్ని. మొదట్లో అన్నీ తప్పులే. అయినా మానలేదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. చెబితే వదిన ఏడుస్తుంది, మా ఆయన ఆఫీసు మానేసి నా పక్కన కూర్చుంటారు.

వదినకి చెప్పకపోయినా కంటబడకుండా ఉండటం కుదరలేదు. ఆవిడ ఆఫీస్‌కి వెళ్ళే దారి కూడా అదే. చలికాలం వచ్చాక, స్టాప్‌లో నన్ను చూసి ఠక్కున కారాపేది. "ఎక్కు ముందు. ఈ మంచులో నిలబడి ఏంటీ వేషాలు?" అనేది. మొహమాటానికి ఎక్కి, వెనక వస్తున్న నా బస్సుని అద్దంలో చూసి ఉసూరుమనేదాన్ని. అలా కొన్నిసార్లు అయ్యాక, ఒక రోజు ఎక్కనన్నాను.

"వదినా, నేను బస్సు కోసమే నిలబడ్డాను."

"చూస్తూ చూస్తూ నిన్నిక్కడ వదిలేసి ఎలా వెళ్తాననుకున్నావ్? నలుగురూ ఏమనుకుంటారు?"

"ఏమైనా అనుకోనీ. ముందు నువ్వు కారు తీయి, బస్సు ఆగే చోట పార్క్ చేశావ్. వెనక డ్రైవర్ చూస్తున్నాడు."

మాట కాస్త గట్టిగానే వచ్చింది. ఆవిడ ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. గ్రూప్ చాలాకాలం మూగబోయింది. ఆ తర్వాత వదిన మా ఆయన చేతికి గోంగూర పచ్చడి సీసా ఇచ్చి పంపింది. అంటే కోపం పోయినట్టే. అప్పట్నుంచి స్టాప్‌లో కనిపిస్తే కారు నెమ్మది చేసి, చెయ్యూపి, నిట్టూర్చి వెళ్తుంది. నిట్టూర్పు నాకు వినపడదు గానీ భుజాలు కనిపిస్తాయి.

ఇలా అంతా సర్దుకుంటోందనుకుంటుండగా మా ఆయనకి వేరే రాష్ట్రంలో ఉన్న క్యారీ అనే ఊళ్ళో ఉద్యోగానికి ఆఫర్ వచ్చింది.

ఆయన మీద నాకు కోపం రాకుండా ఉండాలంటే ఒక మాట ఒప్పుకోవాలి. ఆయనకి ఈ ఊళ్ళో స్నేహితులంటూ ఎవరూ లేరు. ఆయనతో ఇంజనీరింగ్ చదివినవాళ్ళంతా క్యారీలో, పక్కనే మోరిస్‌విల్‌లో ఉన్నారు. శనివారం పొద్దున్నే క్రికెట్ ఆడి, ఎవరో ఒకరింట్లో దోసెలు తింటారు. ఆ ఫోటోలు చూస్తూ మా ఆయన తన కాఫీ చల్లారబెట్టుకుంటారు. ఆఫర్ వచ్చిన రోజు ఆయన ముఖంలో కనిపించినంత సంతోషం చూసి ఎన్నేళ్ళయిందో.

చూడటానికి వెళ్ళాం. ఏ ఇంటికెళ్ళినా ఆదరణకేం లోటు లేదు. ఇళ్ళు అద్దంలా ఉన్నాయి. మర్నాడు పొద్దున నేనొక్కదాన్నే నడుద్దామని బయల్దేరాను. కాలనీ మలుపు తిరిగేలోపే ఒక కారు ఆగింది. "అక్కా, రైడ్ కావాలా?" వద్దన్నాను. ఇంకాస్త దూరంలో ఇంకో కారు, వెనక సీట్లోంచి ఒక చిన్నపిల్ల తల బయటపెట్టి, "ఆంటీ, ఆర్ యూ ఓకే?" అంది. కాలిబాట ఒక చోట ఉన్నట్టుండి అయిపోయింది, ముందంతా గడ్డి, ఆ పైన పెద్ద రోడ్డు. ఎక్కడో బస్సు కూడా ఉందట, అక్కడిదాకా వెళ్ళాలంటే మళ్ళీ కారు కావాలి. కాలిబాట చివర నిలబడి నాకు భయం వేసింది. ఇంతమంది మంచివాళ్ళ మధ్య ఇంట్లో కూర్చుండిపోతానని భయం.

తిరుగు ప్రయాణంలో వెస్ట్ వర్జీనియా కొండలన్నీ పోట్లాడుకుంటూనే దాటాం.

"ముందు ముందు నీ చుట్టూ మనవాళ్ళుంటే మంచిది కదా," అన్నారాయన.

"ఉండి ఏం చేస్తారు?"

"ఎక్కడికి కావాలంటే అక్కడికి తీసుకెళ్తారు."

"అదే నా భయం. నన్నెవరూ తీసుకెళ్ళక్కర్లేదు."

"ఎల్లకాలం ఇలాగే ఉంటుందా నీ చూపు?" అనేశారు. అని, ఆ మాటకి తనే బెదిరిపోయి, పెట్రోలు అయిపోవచ్చిందంటూ బంకులోకి తిప్పారు. ట్యాంకు సగం పైన నిండే ఉంది.

సోమవారం జవాబు చెప్పాలి. శనివారం పొద్దున నేనే అడిగాను. "ఒక్కసారి నాతో బస్సెక్కండి. ఆ తర్వాత మీ ఇష్టం. వెళ్దామంటే నోరెత్తకుండా పెట్టెలు సర్దుతాను." ఆయన నా వంక అనుమానంగా చూశారు. నేను నోరెత్తకుండా ఏ పనైనా చేస్తానంటే ఆయన నమ్మరు. అయినా బయల్దేరారు.

ఎక్కాక టికెట్ ఎలా తీసుకోవాలో తెలీక తడబడ్డారు, డ్రైవర్ నవ్వుతూ చూపించాడు. కొంతదూరం వెళ్ళాక మలుపులో కడ్డీలు తీగ మీంచి జారాయి. బస్సు ఆగింది. డ్రైవర్ గ్లవ్స్ వేసుకుని దిగి, వెనకున్న తాళ్ళు పట్టుకుని కడ్డీల్ని మళ్ళీ తీగ మీదికి సర్దుతున్నాడు.

"ఊబర్ పిలవనా?" అన్నారు మా ఆయన.

"కూర్చోండి. ఇప్పుడే అయిపోతుంది."

అయిపోయింది. బస్సు కదిలాక నేను కళ్ళు మూసుకున్నాను.

"నిద్రొస్తోందా?"

"లేదు. మీరు బయటికి చూస్తూ ఉండండి. ఇప్పుడు ఎడమకి తిరుగుతాం. తిరిగాక చర్చి స్టాప్." బస్సు తిరిగింది, ఆగింది. "ఇక్కణ్ణుంచి కాస్త పల్లం. పల్లం దిగాక వంతెన, టైర్ల చప్పుడు మారుతుంది." మారింది. "ఇప్పుడు టకటకమంటుంది, అది కోర్టు దగ్గర కూడలి." అక్కడా సరిగ్గానే చెప్పాను. "తర్వాతది లైబ్రరీ. వచ్చేశాం."

"ఇంకా రాలేదు," అన్నారు మా ఆయన. ఆ గొంతు ఎప్పుడూ వినే గొంతులా లేదు. "ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నావ్ ఇది?"

"నిరుటి చలికాలం ముందు నుంచి. లైబ్రరీ దగ్గర ఎప్పుడూ తప్పు పోతుంది."

"కళ్ళు తెరువు."

"ఇంకొక్క స్టాప్."

ఆయన నా చెయ్యి పట్టుకోబోయి, పట్టుకుంటే నాకు లెక్క తప్పుతుందేమోనని ఆగిపోయారట. తర్వాతెప్పుడో చెప్పారు. ఆ చివరి స్టాప్ నేను సరిగ్గానే చెప్పాను. కళ్ళు తెరిచేసరికి ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు, ముఖం నాకు కనబడకుండా.

దిగి, శనివారం సంతలో టమాటాలూ, పచ్చిమిరపకాయలూ కొన్నాం. పూలమ్మే ఆవిడ నన్ను చూసి పలకరించి, "ఈయనేనా మీవారు?" అని అడిగింది. మా ఆయన తెల్లబోయారు. క్యారీ మాట మాత్రం ఇద్దరం ఎత్తలేదు. వచ్చేటప్పుడు మా స్టాప్ దగ్గరపడగానే ఆయన సంచీతో లేచారు.

"మీరు దిగండి. ఆ లైబ్రరీ దారి ఇంకోసారి తిరిగి చూసుకొస్తాను," అన్నాను.

ఒక్క క్షణం నన్ను చూసి, ఆయన ఒక్కరే దిగిపోయారు.

నేను ఇంటికొచ్చి తలుపు తీసేసరికి వంటింట్లోంచి మాటలు వినిపించాయి. మా ఆయన ఫోన్ స్పీకర్‌లో పెట్టి ఉల్లిపాయలు తరుగుతున్నారు. అవతల ఉన్నది క్యారీ స్నేహితుడు.

"నీకేమన్నా పిచ్చా? అంత మంచి ఆఫర్ వదిలేస్తావేంట్రా? ఆ ఊళ్ళో ఏముందని?"

కత్తి చప్పుడు ఆగింది. ఆ ఆగడంలో ఆయన బెంగంతా నాకు తెలిసింది. దోసెలూ, క్రికెట్టూ, అన్నీ అందులోనే ఉన్నాయి. నేను బూట్లు విప్పకుండా గుమ్మంలోనే నిలబడిపోయాను, అప్పటికే కళ్ళు నిండిపోయాయి.

"మా ఆవిడ తిరిగే ఊర్రా ఇది," అన్నారు మా ఆయన. "కళ్ళు మూసుకుని తిరిగేస్తుంది. ఇంకో ఊరు మొదట్నుంచి నేర్చుకోమని ఏ మొహం పెట్టుకుని చెప్పను?"