గోడ కోసం దింపిన ఇటుకలు

మా తోడికోడలు పోయారన్న కబురు నాకు ఫోనులో రాలేదు. పెరట్లో బట్టలు ఆరేస్తుంటే, బావగారు వాళ్ళ అరుగు మీద నుంచి “అమ్మాయ్, ఒక్కసారి రామ్మా, మీ అక్క పలకడం లేదు” అన్నారు. మొక్కలు దాటి పరుగెత్తాను. చెయ్యి ముట్టుకుంటే చల్లగా తగిలింది. అంత తొందరగా ఆవిడ దగ్గరికి చేరగలిగానంటే ఆ పుణ్యం కూడా ఆవిడదే. మా రెండిళ్ళ మధ్య గోడ లేదు.

ఉండాల్సిందే. తొంభైల మొదట్లో అన్నదమ్ములు వాటాలు పంచుకున్నారు. పొలం దగ్గర రాని తగువు పెరటి దగ్గర వచ్చింది. మాటా మాటా పెరిగి మా ఆయన గోడ కట్టాల్సిందేనన్నారు. బావగారు “కట్టుకోమను, నాకేంటి” అన్నారు. ట్రాక్టరుతో ఇటుకలు దిగాయి. నేను కాపురానికి వచ్చి అప్పటికి ఎన్నాళ్ళో కాలేదు. పుట్టింట్లో లేని అక్క ఇక్కడ దొరికిందని మురిసిపోతున్న రోజులవి. ఆ ఇటుకల కుప్ప చూస్తే ఏడుపొచ్చేది.

అక్కయ్య ఏడవలేదు. మగాళ్ళిద్దరూ చేలకు వెళ్ళాక కొంగు బిగించి “గునపం పట్రా అమ్మాయ్” అన్నారు. సర్వేయరు గీసిన గీతకు ఇటో వరస, అటో వరస తాడు కట్టి, జానెడు లోతు తవ్వాం. అడుగున ఇసుక పరిచి, ఒక ఇటుక మీద ఇంకోటి వాలేలా ఏటవాలుగా పాతుకుంటూ పోయారావిడ. మధ్యలో పూలమడి. రైల్వేస్టేషన్లో మొక్కల చుట్టూ అలా చూశారట.

“సిమెంటు పెట్టిద్దామా అక్కా, గట్టిగా ఉంటుంది” అన్నాను.

“వద్దు. మన నేల ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానలకి ఉబ్బుతుంది. బిగించావనుకో, పగిలి ఊరుకుంటుంది. కాస్త వదులుగా ఉంటేనే సర్దుకుంటుంది.”

ఇటుకల సంగతే చెప్పారో, ఇంటి సంగతి కూడా చెప్పారో నేనడగలేదు.

మర్నాడు తాపీమేస్త్రి వస్తే కాఫీ ఇచ్చి పంపేశారు. మా ఆయన వచ్చి “ఇదేంటి వదినా?” అని ఎగిరిపడ్డారు.

“హద్దు కావాలన్నారుగా మరిదిగారూ. గీతకి వేలెడు కూడా అటూ ఇటూ జరగలేదండి, కొలుచుకోండి. గోడదేముంది, ఎప్పుడైనా కట్టుకోవచ్చు. ముందు ఈ కనకాంబరాలు ఒక్కసారి పూయనివ్వండి.”

పూల మీద ఒట్టేసినట్టు అడిగితే ఏ మగాడు కాదంటాడు? ఆ కనకాంబరాలయ్యాక చామంతులు పూయనివ్వమన్నారు. చామంతులయ్యాక కడియం నర్సరీల నుంచి గులాబీ అంట్లు తెప్పించి, అవి నిలదొక్కుకోనివ్వమన్నారు. గోడ అలా ఏళ్ళకేళ్ళు వాయిదా పడింది.

ఆవిడకి అన్నీ తెలుసని కాదు. వరి పండించే ఇంటి ఆడపడుచు కదా, మొదటి ఏడాది ఇటుకల సందుల్లో బంకమట్టి మెత్తి, చేను గట్టులా చుక్క నీరు పోకుండా మూసేశారు. శ్రావణంలో ముసురు పట్టేసరికి మడి నిండా నీళ్ళు నిలిచి మొక్కలన్నీ కుళ్ళిపోయాయి. అందులో ఈదుతున్న కప్పని చూసి “నాట్లేద్దాం రావే” అని పడీ పడీ నవ్వారు. నవ్వి, అక్కడక్కడా ఇటుకలు పీకి నీళ్ళకు దారి వదిలారు. నారు మళ్ళీ పోశారు.

అన్నదమ్ములు మాత్రం సరిగ్గా మాట్లాడుకోలేదు. కాలువ నీళ్ళ వంతు గురించైనా, ఎరువు గురించైనా మాట మా ఇద్దరి నోటి మీదుగా నడవాల్సిందే. “వీళ్ళ పోస్టాఫీసు ఉద్యోగంలో మనకి రిటైర్మెంటు లేదే” అనేవారు అక్కయ్య. పూలు కోసేటప్పుడు మాత్రం హద్దు లేదు. కొమ్మ ఎటు వంగితే ఆ పూలు అటువాళ్ళవని ఆవిడే చట్టం చేసి, కొమ్మల్ని నా వైపు వంచేవారు. ఆవిడ పెట్టని పువ్వు నా తలలో ఉన్న రోజులు తక్కువ.

అలాంటి మనిషి పోయారు. కార్యక్రమాలకు వచ్చినవాళ్ళ కాళ్ళ కింద పడి ఇటుకలు సగం ఊడిపోయాయి. షామియానా గుంజలు మడిలోనే పాతారు. దుఃఖం ఒకవైపు, భయం ఒకవైపు. ఇక ఏ పువ్వు పేరు చెప్పి గోడ ఆపను? ఆవిడకొచ్చిన విద్య నాకు రాదు.

పెద్దకర్మ అయిన మర్నాడు పొద్దున్నే మా ఆయన గునపం పట్టుకుని పెరట్లోకి నడిచారు. వంటింటి గుమ్మంలో నిలబడిపోయాను. ఆయన మడి దగ్గర గొంతుక్కూచుని, ఊడిన ఇటుకొకటి తీసి, మట్టి గీకి, ఏటవాలుగా పెట్టి చూశారు. అది నిలవలేదు. మళ్ళీ పెట్టారు. మళ్ళీ పడింది.

అవతల అరుగు మీద కూర్చున్న బావగారు చాలాసేపు చూశారు. లేచి వచ్చి, ఆ పక్కన చతికిలబడి “అలా కాదురా, ముందు ఇసుక పొయ్యి” అన్నారు.

“నువ్వు పట్టుకో అన్నయ్యా, నేను పోస్తాను.”

నేను కాఫీ పట్టుకెళ్ళేసరికి గ్లాసు అందుకోవడానికి ఇద్దరిలో ఒక్కరి చెయ్యీ ఖాళీ లేదు. మోచేతుల దాకా నల్లమట్టి.