పళ్ళెం మీద పాదాలు

వేళ్ళ చివర బొబ్బలెక్కితే అదేదో బహుమతి వచ్చినట్టు నలుగురికీ చూపించుకుని తిరిగిన రోజులవి. డిగ్రీ తప్పి (మా నాన్న లెక్కలో డిగ్రీయే నన్ను తప్పించుకుంది), వ్యవసాయం చేతకాక, కాలేజీ ల్యాబులకు గాజు సామాను తయారుచేసే బెజవాడ షెడ్డులో పనికి కుదిరాను. అక్కడ నా గురువుని అందరూ బుగ్గల మామ అనేవారు. ఏళ్ళ తరబడి గాజు గొట్టాలు ఊది ఊది బుగ్గలు వదులైపోయి, ఆయన మాట ఆపాక కూడా అవి కాసేపు కదులుతూనే ఉండేవి. "కాలే గాజు, చల్లారిన గాజు చూట్టానికి ఒక్కలాగే ఉంటై అబ్బాయ్. నీ కళ్ళని నమ్మమాక" అన్నది ఆయన చెప్పిన మొదటి పాఠం. నేను కళ్ళనే నమ్మేవాణ్ణి కాబట్టి బొబ్బలకు లోటుండేది కాదు.

ఒకసారి కూచిపూడి దగ్గర ఒక కాలేజీకి ఫ్లాస్కులు అప్పగించి, తిరుగు బస్సుకు ఇంకా టైముంటే, తాళం వినబడుతున్న వైపు నడిచాను. ఒక వసారాలో ఒక అమ్మాయి ఇత్తడి పళ్ళెం అంచుల మీద నిలబడి, ఆ పళ్ళేన్నే నడిపిస్తూ ఆడుతోంది. మంటలో గాజు కూడా అంతే, జారిపోతుందనుకున్న క్షణంలోనే ఒళ్ళు తిప్పుకుని నిలబడుతుంది. (ఈ పోలిక ఇన్నేళ్ళకు తట్టింది. అప్పుడు నోరు తెరుచుకుని నిలబడ్డానంతే.) ఆ వారం నుంచి ప్రతి ఆదివారం పామర్రు మీదుగా వెళ్ళే బస్సులో నేనుండేవాణ్ణి. నాట్యం నేర్పే మాస్టారు మంచివారు, మూల కూర్చుంటే ఏమీ అనేవారు కాదు. షెడ్డులో కాలేజీ పనని చెప్పి బయల్దేరితే మాత్రం మామ, "ఆదివారం తెరిచే కాలేజీ ఏందిరా అది?" అని అడిగేవాడు.

ఆ పళ్ళెం అమ్మాయిని గాజులో చెయ్యాలన్న పిచ్చి అలా పట్టుకుంది. మొదటి బొమ్మ తీసుకెళ్ళి చూపిస్తే, ఆమె అటూ ఇటూ తిప్పి చూసి, "ఏమనుకోకండి, టెస్ట్ ట్యూబుకి తలకాయ పెట్టినట్టుందండీ" అంది. తర్వాత దయతలచి, "మేం నిటారుగా ఎక్కడ నిలబడతామండీ? మోకాళ్ళు చూడండి" అని నిలబడి చూపించింది. రెండు నెలలు మోకాళ్ళే చూశాను (కళ కోసమేనండీ, నమ్మండి). అయినా నా చేతికి తెలిసింది ల్యాబు సామానే. ఒక బొమ్మకు ఫ్లాస్కు పొట్ట వచ్చింది, ఇంకోదాని చెయ్యి గరాటులా తేలింది. మామ ఆ పొట్టని వెలుగులో పెట్టి చూసి, "ఇందులో ఎన్ని మిల్లీలీటర్లు పడతై?" అన్నాడు.

ఒక ఆదివారం ఆమే చెప్పింది. "వచ్చే ఆదివారం సాయంత్రం ప్రోగ్రామండీ. మర్నాడే భిలాయ్ వెళ్ళిపోతున్నాను, అక్కడ డాన్స్ టీచరుగా పిలిచారు. మీ బొమ్మ చూడకుండానే వెళ్ళిపోతానేమో." అది ప్రేమేనా అంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. ఆమె వెళ్ళేలోపు నా చేతులు ఏం చెయ్యగలవో ఒక్కసారి ఆమె చూడాలి, అంతే. దానికే వారమంతా అన్నం సయించలేదు. చివరికి ఆ ఆదివారం పొద్దున్నే కుదిరింది. వంగిన మోకాళ్ళు, కొద్దిగా వాలిన మెడ, కాళ్ళ కింద గాజు పళ్ళెం. మామ చాలాసేపు చూసి, "వచ్చిందిరా" అన్నాడు. ఆయన నోట ఆ మాట విన్నది అదే మొదలు. వెంటనే, "బూడిదలో పెట్టు, నిదానంగా చల్లారాలి. రేప్పొద్దున దాకా ముట్టుకోమాక. పైకి చల్లగుంటది గానీ లోపల ఇంకా సర్దుకోలేదు" అని హెచ్చరించి భోజనానికి వెళ్ళాడు. రేపటికి ఆమె రైల్లో ఉంటుంది. మధ్యాహ్నం మూడింటికి బూడిదలో చెయ్యి పెట్టాను. చల్లగానే తగిలింది.

తువ్వాల్లో చుట్టి ఒళ్ళో పెట్టుకుంటే బస్సులో కండక్టరు, "కోడిగుడ్లా? జాగర్త" అన్నాడు. నేను చేరేసరికి ఆమె గజ్జెలు కట్టుకుని, చేతులు కడుక్కుని వస్తోంది. తువ్వాలు విప్పాను. ఆమె చూస్తూ నిలబడింది. నేను చేసిన వస్తువును అంతకు ముందు గానీ ఆ తర్వాత గానీ ఎవరూ అలా చూడలేదు. తర్వాత ఆ తడి చేతుల్లోకి తీసుకుంది. టిక్కుమంది. మోకాళ్ళ నుంచి పైదంతా తువ్వాల్లోకి రాలిపోయింది. ఆమె అరచేతిలో పళ్ళెం, దాని మీద రెండు పాదాలు మిగిలాయి.

"మీ చెయ్యి తెగలేదు కదా?" అని నన్నడిగింది. తర్వాత, "ఇది నేను తీసుకెళ్తానండీ" అంది.

"విరిగిపోయిందండీ!"

"పాదాలున్నాయిగా. మా ఆటంతా అక్కడేనండీ."

నాకు తల కొట్టేసినట్టయింది. "వద్దండీ, చెత్త. మంచిది చేసి పంపిస్తాను" అంటూ ఆమె చేతిలోంచి లాక్కున్నంత పని చేశాను. ఆమె చాపిన చెయ్యి ఒక్క క్షణం అలాగే ఉండిపోయింది. లోపలి నుంచి పిలుపు వస్తే గజ్జెల చప్పుడుతో వెళ్ళిపోయింది. ప్రోగ్రాం చూడకుండా బస్సెక్కాను. పామర్రు వచ్చాక గుర్తొచ్చింది, అడ్రసు అడగలేదని.

మర్నాడు మామ ఖాళీ బూడిద తొట్టిని చూశాడు, నన్నూ చూశాడు. నేను ఆ పాదాలను మంటలో కరిగించి, సాగదీసి, మందులు కలిపే గాజు పుల్లగా చేసి, ఏదో కాలేజీ సరుకులో పడేశాను. అంత పౌరుషం. ఇప్పుడు నాకు సొంత షెడ్డుంది, నిదానంగా చల్లార్చే కరెంటు కొలిమి ఉంది, నేను చేసిన నర్తకిని మెచ్చుకుని కొనుక్కునేవాళ్ళున్నారు. ఒక్కటీ పగల్లేదు. కానీ ఎన్ని చేసినా నాకు కావాలనిపించేది, ఎక్కడో ఏ ల్యాబులోనో ఎవరో కుర్రాడు మైలుతుత్తం కలుపుకుంటున్న ఆ పుల్ల.

అప్పటి నేను, ఇరవై రెండేళ్ళ ఆ మేధావి, ఎదురుపడితే ఇప్పుడు తిట్టను. "చెయ్యి చాపింది కదరా, ఇచ్చెయ్యి" అంటాను. వాడు వినడు, నాకు తెలుసు. మంచిది చేసి పంపిస్తానంటాడు.