బండికి వినపడని చోటు

పచ్చి పట్టుగూళ్ల వాసన తెలియనివాళ్లకు దాన్ని చెప్పడం కష్టం. ఎండుచేపల్ని తడి గోనెసంచిలో దాచి, మరిచిపోయి, ఎప్పుడో తీసినట్టు ఉంటుంది. మొన్న ధర్మవరంలో రైల్వే గేటు పడి ఆగితే, ముందున్న పికప్ బండిలోంచి ఆ వాసన గుప్పుమని కొట్టింది. పక్కనున్న స్కూటరాయన ముక్కు మూసుకున్నాడు. నేను మాత్రం గుండె నిండా పీల్చుకున్నాను. నాగరత్నక్క గుర్తొచ్చింది. ఇక ఇక్కడి నుంచి మీరొక మహాగాథ వినబోతున్నారు. నమ్మకానికీ లెక్కకూ మధ్య ఘోరయుద్ధం, నడిదారిలో అగ్నిపరీక్ష, అన్నీ ఉన్నాయి. అని రాద్దామనుకున్నాను. నిజానికి ఇది హిందూపురంలో మేమొక పికప్ బండి కొన్న సంగతి. అది కూడా ఫైనాన్సులో.

నాగరత్నక్క పెనుకొండ చుట్టుపక్కల పల్లెల్లో రైతుల దగ్గర పట్టుగూళ్లు ఎత్తుకొని హిందూపురం మార్కెట్టుకు చేర్చేది. బండి తనే నడిపేది. చీర కుచ్చిళ్లు ఎగదోపి, భుజాన తువ్వాలు వేసుకొని ఆమె హారన్ కొడితే లారీలు కూడా ఒకసారి ఆలోచించుకునేవి. నేను స్టాటిస్టిక్స్‌లో డిగ్రీ చేసి, ఉద్యోగం దొరికేదాకా అని ఆమె దగ్గర చేరాను. రైతులకు ఫోన్లు చేయడం, సంచులు ఎక్కించి దించడం నా పని. రెండోదానికి డిగ్రీ అవసరం పడలేదు.

ఆమె పాత బండి ముసలిదైపోయింది. కొత్తది కొనాలి. ఒక్కటే కొనగలదు, అది తప్పు బండి కాకూడదు. ఎందుకంటే పచ్చిగూళ్లు దారిలో చిక్కుకుంటే సంచుల్లో ఉక్కకు మెత్తబడతాయి, రేటు పడిపోతుంది, రైతింట్లో అందరూ రాత్రీపగలూ పురుగులకు మల్బరీ ఆకు మేపి పెంచిన పంట రోడ్డు పక్కన పాడైపోతుంది. ఒక్కసారి అలా జరిగితే మళ్లీ పంటకు ఆ ఊరు వేరే బండిని పిలుస్తుంది. పోటీలో రెండు కంపెనీలు ఉండేవి. ఎవరి కడుపూ కొట్టడం ఇష్టం లేదు కాబట్టి ఎద్దు కంపెనీ, గద్ద కంపెనీ అనుకుందాం.

“ఎద్దుదే. ఇంకో మాట ల్యా,” అంది అక్క, పాత ఎద్దు బండి బానెట్ నిమురుతూ. “నా బండి ఒక్కనాడన్నా ఆగిండాదా?”

మార్కెట్లో కొనేవాళ్లు గూడును చెవి దగ్గర పెట్టుకొని ఊపుతారు. లోపల పురుగు గలగలమంటే మంచి గూడు. అదే పట్టుకున్నాను. “ఒక్క గూడు ఊపి చూసి, కుప్పంతటికీ రేటు కడతావా అక్కా? నీది ఒక్క బండి.”

అక్క బానెట్ మీద చెయ్యి తీయకుండానే అంది. “మాట బాగానే ఉండాది. అయితే నీ సదువుతో పోయి ఊరంతా ఇచారించుకొని రా పో.”

హిందూపురంలో మెకానిక్ షెడ్లన్నీ తిరిగాను. ఎక్కడ చూసినా ఎద్దు బళ్లే పడుకొని ఉన్నాయి. విజయగర్వంతో వచ్చి చెప్పాను.

“రోడ్డుమీద తిరిగేటివీ అవే ఎక్కువ కదబ్బా,” అంది ఆమె, టీ ఊదుకుంటూ. “ఆసుపత్రిలో కూచోని, ఊరంతా రోగమే అన్నట్టుండాది నీ యవ్వారం.”

ఒకటీ ఒకటీ సమానం.

సరే, బతికి తిరిగే బళ్లనే అడుగుదామని సోమందేపల్లి దగ్గర హైవే టీ అంగడికి చేరాం. ఆగిన ప్రతి పికప్ దగ్గరికీ పోయి, మర్యాదగా బానెట్ మీద చెయ్యేసి, “అన్నా, బండి ఎప్పుడన్నా మొరాయించిందా?” అని డ్రైవర్లను అడిగాను. ఛీ ఛీ, ఎప్పుడూ లేదన్నారు. ఎద్దువాళ్లూ అదే మాట, గద్దవాళ్లూ అదే మాట. సాయంత్రానికి నా లెక్క ప్రకారం మా జిల్లాలో ఇంతవరకు ఏ బండీ చెడిపోలేదు. మెకానిక్కులు ఏం తిని బతుకుతున్నారో తేలలేదు.

చివరికి ఒక టమాటా బండి డ్రైవరు, అలాగే ఒట్టు పెట్టినంత పనిచేసి, టీ అంగడిలోకొచ్చి బెంచీ మీద కూలబడ్డాడు. “ఈ గేర్‌బాక్సుతో నా ప్రాణం పోతాండాది,” అన్నాడు.

“ఇప్పుడే కదన్నా ఏం ల్యా అంటివి?”

“బండి పక్కన నిలబెట్టి అడిగితే ఏం చెప్తారప్పా? అది ఇనదా?”

నేను నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు. టీ అంగడాయన కూడా గంభీరంగా తలూపాడు. అక్క నన్ను జాలిగా చూసింది. “బండి ముందర బండిని ఎవురన్నా తిడతారా? రోసమొచ్చి ఆడికాడికి నిలబడిపోదూ?”

“ముందే చెప్పొచ్చు కదక్కా! పొద్దున్నుంచీ ఎండలో తిరుగుతాండా!”

“సదువుకున్నోడివి, తెలుసనుకుంటి.”

అప్పుడు తట్టింది నాకు. ఆమె తన బండిని మెచ్చుకున్న ప్రతిసారీ ఆమె చెయ్యి ఆ బండి మీదే ఉంది. అక్కను లేపి, అంగడి వెనకాల ఖాళీ క్రేట్ల చాటుకు తీసుకుపోయాను. “ఇప్పుడు చెప్పు. మన బండి నిజంగా ఒక్కనాడూ ఆగల్యా?”

ఆమె క్రేట్ల మీదుగా తొంగి చూసింది. బండి దూరంగా, అమాయకంగా ఉంది. అక్క గొంతు తగ్గించింది. “పెనుకొండ కాడ ఎన్ని తూర్లు తోపిచ్చినానో నాకే తెలీదు. వాన మొదలైతే వైపర్ పడుకుంటాది. రేడియేటర్ మాటెత్తొద్దు. పోయిన ఎండాకాలం దాని మొగాన పోసిన నీళ్లు మల్బరీకి పోసింటే ఒక పంటొచ్చేది.” అలా చాలాసేపు చెప్పింది. చెప్పి, మొహం తుడుచుకొని, “అబ్బ, బరువు దిగిండాది,” అంది. ఇద్దరం క్రేట్లు పట్టుకొని నవ్వాం. ఎవరో తగాదా అనుకొని చూడ్డానికొచ్చారు.

ఆ తర్వాత డ్రైవర్లందరినీ క్రేట్ల చాటుకే పిలిచి అడిగాం. ఎద్దూ సతాయిస్తుంది, గద్దా సతాయిస్తుంది, గద్ద కొంచెం తక్కువ అని తేలింది. అక్క తన ఎద్దు అభిమానాన్ని మింగి, గద్దకు సంతకం పెట్టింది. “నీ మాటమీద తీస్తాండా. పెళ్లిచూపులు నువ్వు చూసినావు, కాపురం నేను చేయల్ల,” అంది.

కాపురం మొదటి రోజే తేడా వచ్చింది. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, షోరూము నుంచి నేరుగా పల్లెలకు పోయి, గూళ్లు నింపుకొని వస్తుంటే, పెనుకొండ దాటాక కొత్త బండి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆగిపోయింది. నెత్తిన ఎండ, వెనక సంచుల నిండా రైతుల పంట. పక్క సీట్లో నా పరిశోధన తప్ప ఇంకేం లేదు. తిట్లకు సిద్ధపడి దిగాను.

అక్క బానెట్ మీద అరచెయ్యి ఆనించి, రోడ్డంతా వినేటట్టు అంది. “మావాడు చూసి తీసిన బండి. తప్పుండదు.”

బండికి వినపడాలని అందనుకున్నాను. తర్వాత తోచింది, నాకూ వినపడింది. చేరిన రోజు నుంచీ ఆమె నన్ను పక్కన నిలబెట్టుకొని ప్రతి రైతుకూ “మావానికి లెక్కలు నీళ్లు తాగినట్టు” అని చెప్పేది. నేను ఆ సబ్జెక్టులో రెండో ప్రయత్నానికి గట్టెక్కినవాణ్ణి. ఆ మాట వినీ వినీ, అబద్ధం కాకూడదని కూర్చొని నిజంగానే నేర్చుకున్నాను. నా గురించి క్రేట్ల చాటున ఏమనేదో తెలియదు. చాలానే అని ఉంటుంది. ఈరోజు ధర్మవరంలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో బళ్ల ప్రమాదాల లెక్కలు చూసి జీతం తీసుకుంటున్నాను. కింద పనిచేసే పిల్లలను మెచ్చుకోవాలంటే వాళ్లు వినేటట్టు మెచ్చుకుంటాను, విసుక్కోవాలంటే మెట్ల కిందికి పోతాను. ఈ పద్ధతి పనిచేస్తుందని చూపించే పట్టిక నా దగ్గర లేదు. అయినా మానను.

ఇంతకీ ఆ రోజు బండికి ఏ రోగమూ లేదు. పాత బండిలో డీజిల్ ముల్లు ఏళ్లతరబడి సగంలోనే ఇరుక్కొని ఉండటంతో, దాన్ని చూసే అలవాటు అక్కకు పోయింది. నాకు బండి నడపడమే రాదు. దారినపోయే రైతొకాయన బైకు మీద క్యానుతో డీజిల్ తెచ్చి పోశాక, వేలం మొదలయ్యేలోపే హిందూపురం చేరాం. గూళ్లకు ఏమీ కాలేదు. కొత్త బండికి షోరూములో ఐదు లీటర్లే పోస్తారు.