ఎలా ఆగిందో

నర్సీపట్నం కాటా ఆఫీసులో లారీల తూకం చూపే ప్రోగ్రాం ధర్మతేజ సి భాషలో రాసిందే. అందులో కాపలా కాసే పేరెంట్ ప్రాసెస్‌కు ఒకటే పని: తాను మొదలుపెట్టిన చైల్డ్ ప్రాసెస్ ఆగిపోగానే ఎలా ఆగిందో కనుక్కోవడం. తనంతట తాను ముగించుకుని వెళ్తే వదిలేస్తుంది, మధ్యలో కూలిపోతే మళ్ళీ లేపుతుంది. రోజూ మధ్యాహ్నం క్యారేజీ మూత తీయకుండానే అతను కొయ్యూరులో పుట్టింటికి వెళ్ళిపోయిన భార్య వెంకటదుర్గకు ఫోన్ చేస్తాడు. రెండు మాటలు కాగానే లైను తెగుతుంది. ఎలా తెగిందో ఫోన్ చెప్పదు. "కొండల్లో టవరుండదు" అని గొణుక్కుని, చొక్కా కొసతో ఫోన్ తుడిచి మళ్ళీ చేస్తాడు. ఇవాళ ఆ మాట కాటా దగ్గర పనిచేసే సింగన్న చెవిన పడింది. "మాదీ కొయ్యూరే కదా బాబూ! ఇప్పుడు టవరు బాగానే వస్తంది. పొద్దున్నే మా బుల్లమ్మతో వీడియో కాల్ సేసినాను" అన్నాడు సంబరంగా.

"మీ సిమ్ము వేరే కంపెనీదేమోనండీ" అంటూ ధర్మతేజ మళ్ళీ అదే నంబరు నొక్కాడు.