స్క్రూ తల మీద ఎర్ర చుక్క

మా అన్నయ్య షాపులో చివరిసారిగా చేసిన పని, బ్యాటరీని నాలుకకు తగిలించి చూడడం.

ఆ సాయంత్రం నేను షాపులోనే ఉన్నాను. బెంచీ మీద ఒక గిటార్ పెడల్‌కి వైరు గుచ్చి ఉంది. వైరు గుచ్చి ఉన్నంతసేపూ, వాయించినా వాయించకపోయినా, లోపలి బ్యాటరీ అరిగిపోతూనే ఉంటుంది. అన్నయ్య వైరు పీకాడు. అడుగు మూత తీసి బ్యాటరీ బయటికి లాగి, దాని రెండు మొనలూ నాలుక కొసకు ఆనించాడు. చురుక్కుమన్నట్టుంది, ఒక కన్ను మూతపడింది.

"ఇంకా ఉంది," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "వైరు ఎవరు గుచ్చారు?"

"నువ్వే. ఇందాక మోగించావుగా."

"మోగించి పీకేశాను."

"నేనైతే ముట్టుకోలేదన్నయ్యా. ఇక్కడ ఇంకెవరున్నారు?"

"నేనూ అదే ఆలోచిస్తున్నాను," అన్నాడు. నవ్వలేదు.

బ్యాటరీ చొక్కా జేబులో వేసుకుని షట్టర్ దించాడు. తాళం వేసి లాగి చూశాడు. నాలుగడుగులు నడిచి, వెనక్కొచ్చి మళ్ళీ లాగాడు. ఇంటికి వెళ్ళి భోంచేసి పడుకున్నాడు. తెల్లారి లేవలేదు. గుండె అన్నాడు డాక్టరు. వదిన చొక్కా మడతపెడుతుంటే జేబులోంచి బ్యాటరీ కింద పడింది.

అన్నయ్య పాత ఎలక్ట్రిక్ గిటార్లూ, వాటి పెడల్సూ బాగుచేసేవాడు. ఎలక్ట్రిక్ గిటార్ గొంతు ఉత్తదైతే పలచగా ఉంటుంది. గిటార్‌కీ స్పీకర్‌కీ మధ్య, కాలి దగ్గర, చిన్న ఇనప పెట్టె ఒకటి పెట్టి తొక్కితే ఆ గొంతు మారుతుంది. ఒక పెట్టె దాన్ని గుహలోంచి వచ్చినట్టు చేస్తుంది, ఇంకోటి చీల్చి గరగరలాడిస్తుంది. అదే పెడల్. ఎప్పుడో తయారై, ఇప్పుడు ఎవరూ తయారుచెయ్యని పెడల్స్ కోసం వాయించేవాళ్ళు ప్రాణం పెడతారు. లోపల చూస్తే ఏమీ ఉండదు, గుప్పెడు సామాను. అందులో ఒకటో రెండో ఇప్పుడు ఎక్కడా దొరకనివి. ఎవరైనా మూత విప్పి, అవి తీసేసి, వాటి చోట కొత్తవి అతికించి మూత పెట్టేస్తే బయటికి తెలియదు. చెవి ఒక్కదానికే తెలుస్తుంది. ఆ చెవికి కూడా తన మీద తనకు పూర్తి నమ్మకం ఉండదు.

అనుమానం కాపురం పెట్టడానికి ఇంతకంటే అనువైన చోటు నాకు తెలియదు. మా అన్నయ్యకు అది చిన్నప్పటి నుంచీ ఉంది. అమ్మ పాలు కాస్తే మీగడ ఎవరు తీశారని అడిగేవాడు. పెద్దయ్యాక ఆ గుణానికి తగిన ఉద్యోగం దొరికింది, అంతే.

గిటార్ తెస్తే అందరూ ముందు తీగలు మీటుతారు. అన్నయ్య బోర్లా తిప్పేవాడు. స్క్రూల గాట్లలో కొత్త గీతలున్నాయా, లోపల వైర్లు అతికించిన సోల్డర్ పాతబడి మసకేసిందా, నిన్న మొన్న పెట్టినట్టు మెరుస్తోందా, ఇవి చూసేవాడు. లోపల ముక్కుపెట్టి వాసన పీల్చేవాడు. తర్వాత, "దీన్ని ఎవరో విప్పారు," అనేవాడు. డాక్టరు నాలుక చాపమన్నట్టు, ఆ మాటతోనే ఆయన వైద్యం మొదలయ్యేది.

షాపు ఒక పాత మేడ కింద, మెట్ల పక్కన ఉండేది. తలుపు తీస్తే బెంచీ, బెంచీ వెనక గోడకు వేలాడే గిటార్లు, అంతే చోటు. పక్క షాపు తాళాలు చేసే ఆయనది. ఇద్దరికీ పొద్దుటి టీ నుంచీ వాదనే.

"నీకు తాళం అమ్మడం నా వల్ల కాదు గురూ," అనేవాడు తాళాలాయన. "ఏది చూపించినా దీన్ని ఎలా తీస్తారని అడుగుతావు. కొనేవాడు అడగాల్సిన మాటేనా అది?"

"నువ్వు చెప్పే తీరు చూస్తే నీకు బాగానే అలవాటున్నట్టుంది."

"అలవాటు లేకపోతే తాళంచెవి పోగొట్టుకున్నప్పుడు నీ షట్టర్ ఎవడు తీశాడు? మీ తాతా?"

ఆ షట్టర్ తీయించుకున్న మర్నాడే అన్నయ్య తాళం మార్చేశాడు. కొత్తది ఇంకో వీధిలో కొన్నాడు. తాళాలాయన ఆ సంగతి చెప్పి చెప్పి నవ్వించేవాడు గానీ, కొంచెం నొచ్చుకున్నాడని నాకు తెలుసు.

ఇక ఎర్ర చుక్క. అన్నయ్య బాగుచేసిన ప్రతి పెడల్‌కీ, అడుగు మూత బిగించాక, ఒక స్క్రూ తల మీద నెయిల్ పాలిష్ చుక్క పెట్టేవాడు. ఆరాక ఆ స్క్రూని ఎవరు తిప్పినా చుక్క పగిలిపోతుంది. పగిలిందంటే, ఆయన తర్వాత ఇంకెవరో విప్పారన్నమాట. ఆ నెయిల్ పాలిష్ వదినది. ఎండుమిరపకాయ రంగు. ఆ రంగు తయారుచేయడం మానేశారు. మిగిలిన ఒక్క సీసా ఇంట్లో అద్దం ముందు ఉండేది. అన్నయ్య అందులోంచి కొంచెం చిన్న డబ్బాలో ఒంపుకుని షాపుకు పట్టుకెళ్ళేవాడు.

"నా గోళ్ళకి కొనుక్కుంటే స్క్రూలు సోకు చేసుకుంటున్నాయి," అనేది వదిన.

"నీ గోళ్ళని ఎవరూ విప్పరుగా," అనేవాడు.

ఈ రంగు ఇంకెవరి దగ్గరా ఉండదని ఆయన ధీమా. మనుషుల్ని నమ్మని మనిషి, ఆ చుక్కను మాత్రం నమ్మాడు.

షాపుకు వచ్చేవాళ్ళలో అన్నయ్య లేచి నిలబడి పలకరించే మనిషి ఒక్కరే, లీడ్ గారు. ఆర్కెస్ట్రాలో లీడ్ గిటార్ వాయించేవారు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. పొడుగ్గా, ఎప్పుడూ ఇస్త్రీ చొక్కాతో, చెయ్యి ఆనీ ఆనీ రంగు పోయిన ఎర్ర గిటార్‌తో వచ్చేవారు. వయసులో ఉండగా ఓడల్లో వాయించే బ్యాండు మనిషి ఒకతను ఆయనకు ఒక బూడిదరంగు పెడల్ ఇచ్చి వెళ్ళాడట. గిటార్ గొంతును చీల్చే రకం. అందులోవి పాతకాలపు ట్రాన్సిస్టర్లు, చిన్న ఇనప టోపీల్లా ఉంటాయి. ఎండ ముదిరితే వాటికి గొంతు పూడుకుపోతుంది. అందుకని మధ్యాహ్నం కచేరీల్లో లీడ్ గారు పెడల్ మీద తడి రుమాలు కప్పేవారు. ఆ మోత వినే జనం ఆయన్ని గుర్తుపట్టేవాళ్ళు. దాన్ని అన్నయ్య తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదని ఆయన నియమం. అన్నయ్యకు అంతకు మించిన గౌరవం లేదు.

ఒకరోజు లీడ్ గారు దాన్ని తెచ్చి బెంచీ మీద పెట్టారు.

"తమ్ముడూ, గొంతు పోయింది దీనికి," అన్నారు.

అన్నయ్య బోర్లా తిప్పాడు. ఎర్ర చుక్క చెక్కుచెదరలేదు. తృప్తిగా తలూపి, తనే ఆ చుక్క పగలగొట్టి స్క్రూలు విప్పాడు. మూత తీసి ఆగిపోయాడు. తాళాలాయన అప్పుడు మా టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో ఉన్నాడు. పెడల్ కోసం వచ్చిన మరో ఇద్దరు బయట నిలబడి ఉన్నారు.

"గురువుగారూ, ఇందులో పాతవి లేవు."

"అంటే?"

"ట్రాన్సిస్టర్లు మార్చేశారు. ఇవి ఏ రేడియో షాపులోనైనా దొరికేవి. ఎవరికిచ్చారు దీన్ని?"

లీడ్ గారు చొక్కా చేతిని మడిచి, మళ్ళీ విప్పారు.

"నీ చుక్క ఉందిగా తమ్ముడూ," అన్నారు. "ఇప్పుడు నువ్వే పగలగొట్టావు, అందరం చూశాం."

అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. అక్కర్లేకపోయింది. ఆ మూత విప్పి మళ్ళీ అదే రంగు చుక్క పెట్టగలిగింది అన్నయ్య ఒక్కడే, ఆ మాట ఊరంతా చెప్పి పెట్టిందీ అన్నయ్యే.

అన్నయ్య సోల్డర్ వైపు వేలు చూపించాడు. "ఇది నా చేయి కాదు. నేను ఇంత ముద్ద పెట్టను. కాళ్ళు ఇలా వంచను. చూడు," అని తాళాలాయనకు చూపించాడు. తాళాలాయన వంగి, కళ్ళజోడు పైకెత్తి, చాలాసేపు చూశాడు.

"నాకు రెండూ ఒకలాగే ఉంటాయి గురూ," అన్నాడు. ఎగతాళిగా కాదు, నిజంగానే.

లీడ్ గారు పెడల్ బెంచీ మీదే వదిలి వెళ్ళాక అన్నయ్య నాతో ఒక్కటే అన్నాడు. "ఇంట్లో చెప్పకు. మీ వదినకి అసలు చెప్పకు."

"ఎందుకు?"

"ఆవిడ కూడా ఆలోచించడం మొదలెడుతుంది."

నేను చెప్పలేదు. వ్యాపారం మందకొడిగా ఉందని మాత్రం వదినకు తెలిసింది. అది నిజమే. మనుషులు రావడం తగ్గింది. వచ్చినవాళ్ళు తమ గిటార్ లోపల మార్కర్‌తో గీతలు గీసి, అన్నయ్య చూస్తుండగానే ఫోన్లో ఫోటోలు తీసుకుని మరీ ఇచ్చేవాళ్ళు. ఒకతను స్టిక్కర్ అంటించాడు. అది చూస్తే నాకు ఆయన తన జబ్బే ఊరికి అంటించినట్టనిపించేది.

దొంగ ఎవరో ఆయనే వెతికాడు. పెద్ద వీధి షోరూమ్ వాణ్ణి అనుమానించాడు, తాళాలాయన్ని అనుమానించాడు, ఒక వారం నన్నూ అనుమానించాడు. నేను చిన్న స్క్రూడ్రైవర్ కళ్ళజోడు బిగించుకోవడానికి తీసుకెళ్ళాను మరి. లీడ్ గారిని మాత్రం ఆ వరసలో చేర్చలేదు. తన ప్రాణం లాంటి దాన్ని తానే ఎవడు పాడుచేసుకుంటాడు అన్నాడు.

అందరూ అయిపోయాక తన మీదికి వచ్చాడు. నేను షాపులోకి వెళ్ళేసరికి పాత ముక్కల మీద సోల్డర్ పెట్టి, లీడ్ గారి పెడల్‌లోంచి తీసినవాటి పక్కన పెట్టి పోల్చి చూసుకుంటూ ఉండేవాడు. చేతులు అప్పటికే కొద్దిగా వణికేవి. ముద్దలు మునుపటంత చిన్నగా రావడం లేదు.

"చెల్లాయ్, నేనే తీసి మర్చిపోయానంటావా?"

"అలాంటివి మర్చిపోతారా?"

"మర్చిపోయినవాడికి ఎలా తెలుస్తుంది?"

ఆయన దగ్గర ఒక రేకు డబ్బాలో అలాంటి పాతవి కొన్ని ఉండేవి. పాడైన రేడియోల్లోంచి ఏళ్ళ తరబడి ఏరుకున్నవి. వాటిలో లీడ్ గారివి కలిశాయేమో అని ఒక్కొక్కటీ తీసి, వెలుతురుకు తిప్పి చూసేవాడు. అవి అన్నీ ఒకలాగే ఉండేవి. చివరికి వాటిలో చక్కగా జత కుదిరిన రెండింటిని ఆ బూడిదరంగు పెడల్‌లో పెట్టి, చుక్క వేసి, తనే తీసుకెళ్ళి లీడ్ గారికి ఇచ్చి వచ్చాడు.

మంచికి చేసిన ఆ పనే ఆయన్ని పూర్తిగా ముంచింది.

"ఎక్కణ్ణుంచి వచ్చాయంట అవి?" అన్నారు జనం. "లేవన్నవి మళ్ళీ దొరికాయా?"

తాళాలాయన కూడా ఒకసారి అన్నాడు, తన షట్టర్ వైపు చూస్తూ. "ఇవ్వకుండా ఉండాల్సింది గురూ. తిరిగిచ్చినట్టు కనబడింది."

"గొంతు వచ్చిందా లేదా, అది అడగరేం ఎవరూ?"

ఎవరూ అడగలేదు. లీడ్ గారు తర్వాత షాపుకు రాలేదు. కచేరీలు కూడా తగ్గించుకున్నారని విన్నాం. సన్నటి శబ్దాలు ఆయన చెవికి అందడం మానేసి చాలా కాలమైందని, అందుకే ఏ పెడల్ తొక్కినా బాగాలేదంటున్నారని ఆర్కెస్ట్రా డ్రమ్మర్ నాతో అన్నాడు. అది అన్నయ్యకు చెప్పాను. "చెవులు పోతే ట్రాన్సిస్టర్లు పోతాయా?" అన్నాడు. అంతటితో సరి.

తన నిర్దోషిత్వానికి సాక్ష్యం చెప్పాల్సిన చుక్కే తనకు ఎదురు తిరిగింది. అయినా చుక్క పెట్టడం మానలేదు. పోవడానికి ముందు రోజు పొద్దున కూడా ఎవరిదో పెడల్‌కి పెట్టాడు. చెయ్యి వణికి స్క్రూ చుట్టూ అంటింది, గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు.

ఆయన పోయాక ఇంటికి చాలామంది వచ్చారు, ఫోటోలు తీసుకున్నవాళ్ళు కూడా. తాళాలాయన ఏడ్చాడు. షాపు తాళం తను తియ్యనని, నన్నే తియ్యమని చెప్పాడు. ఆఖరున లీడ్ గారు వచ్చారు. ఇస్త్రీ చొక్కా. లోపలికి రమ్మంటే గుమ్మం దాటలేదు. మంచినీళ్ళు తాగి, గ్లాసు వదినకు ఇచ్చి, గోడ మీద అన్నయ్య ఫోటో వైపు చూడకుండా, అద్దం వైపు చూసి వెళ్ళిపోయారు.

నేను వీధి మలుపు దాకా ఆయన్ని చూస్తూ నిలబడ్డాను. వదిన అద్దం ముందు సామాను సర్దుతోంది. నెయిల్ పాలిష్ సీసా చేతిలోకి తీసుకుంది. అడుగున కొంచెం మిగిలింది.

"పాపం పెద్దాయన," అంది. "మనింటికి రావడం ఇది రెండోసారి."

"మొదటిసారి ఎప్పుడొచ్చారు?"

"చాన్నాళ్ళయింది, వ్యాపారం మందగించక ముందు. మీ అన్నయ్య షాపులో ఉన్నాడు. పెడల్ మీది చుక్క రాలిపోయిందమ్మా, ఒక్క చుక్క వేసుకుంటాను, తమ్ముడితో చెప్పకు, నన్ను కూడా అనుమానిస్తాడు అన్నారు. నాకు నవ్వొచ్చింది. నిజమే కదా, అనుమానిస్తాడు. సీసా ఇచ్చాను."

వదిన మూత తిప్పడానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇక్కడే నిలబడి వేసుకున్నారు. మూత ఎంత గట్టిగా బిగించి ఇచ్చారో, మర్నాడు మీ అన్నయ్య నన్ను అడిగాడు, దీన్ని ఎవరైనా తీశారా అని. నేనే తీశానన్నాను."