మా ఊరి బ్యాకు, మేం కట్టిన ఫ్లెక్సీ

వడమాలపేట దగ్గర లారీలు తూచే కాటాలో పని చేస్తాను. మామిడి సీజనులో ఊపిరాడదు. మిగతా కాలమంతా ఇటుకల లోడో, కంకర లోడో వస్తే తూచడం, లేకపోతే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చోవడం. కిటికీ ఎదురుగా బడి మైదానం. నేలంతా గుళకరాళ్లు. సాయంత్రాలు పిల్లలు అందులోనే హాకీ ఆడేవాళ్లు. ఊరంతా క్రికెట్టు ఆడుతుంటే ఇక్కడ హాకీ ఏమిటంటే, బడిలో ఆటలు నేర్పే పీఈటీ సారు వయసులో ఉన్నప్పుడు హాకీ ఆడినవాడు. ఆయన దృష్టిలో మిగతావి ఆటలు కావు, కాలక్షేపాలు.

ఆ పిల్లల్లో ఒక పాప ఉండేది. అప్పుడు ఏడో తరగతి. ఆమె నా కంట పడింది పరుగెత్తినందుకు కాదు, పరుగెత్తనందుకు. బంతి ఎటు పోతే అటు పిల్లలంతా కోడిపిల్లల్లా గుంపుగా పరుగెత్తేవాళ్లు. ఈ పాప మాత్రం పక్కకు నాలుగడుగులు వేసి నిలబడేది. కాసేపటికి బంతి దొర్లుకుంటూ ఆమె కాళ్ల దగ్గరికే వచ్చేది. ఒకసారైతే అదృష్టం అనుకుంటాం. రోజూ అదే జరుగుతుంటే ఏమనుకోవాలి?

నేను పదో తరగతి లెక్కల్లో తప్పినవాడిని. తర్వాత కాటా మీద కూర్చుని లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. అప్పటినుంచి ఏదైనా పదేపదే జరిగితే ఎన్నిసార్లు అని చూడకుండా ఉండలేను. హాకీలో గోలు కొట్టినవాళ్ల లెక్క అందరూ చెబుతారు. ఆపినవాళ్లకు లెక్కే లేదు. అందుకని నేనే ఒక పద్ధతి పెట్టుకున్నాను. చొక్కాకు రెండు జేబులు కుట్టించి, ప్యాంటు జేబులో గుప్పెడు చింతపిక్కలు వేసుకునేవాణ్ణి. పాప నిలబడే కుడివైపు నుంచి బంతి గోలు దాకా పోతే ఒక పిక్క కుడి జేబులోకి, అవతలివైపు నుంచి పోతే ఎడమ జేబులోకి. ఆట అయ్యేసరికి ఎడమ జేబు బరువుగా వేలాడేది. కుడి జేబులో ఒకటో రెండో ఉండేవి.

మైదానం గోడ పక్కనే టీ కొట్టు నడిపే అక్క ఇది చూసి ఒకరోజు అడగనే అడిగింది. "యాందన్నా, జోబీల నిండా పిక్కలు? అష్టాచెమ్మా ఆడేదానికి పోతాండావా?"

విషయం చెప్పాను. ఆమె చేతిలో గ్లాసు పక్కన పెట్టి, గోడ దగ్గరికి వచ్చి చూసింది. మర్నాడు ఆమె దగ్గర టీ తాగే ఆటో ఆయన కూడా చూశాడు. అలా ముగ్గురం అయ్యాం.

మాకు హాకీ తెలిసింది అంతంతే. ముందు ఆడేవాళ్లు ఫార్వర్డులు, నడిమివాళ్లు హాఫులు, వెనక గోలుకు కాపలా ఉండేవాళ్లు బ్యాకులు అని సారు చెప్పాడు. మా పాప బ్యాకు. మాకు అంత చాలు. తిరుపతిలో ఆట ఉందంటే ఆటోలో ముగ్గురం పోయేవాళ్లం, చిత్తూరులో అంటే బస్సు. పాప గోలు కొట్టదు కాబట్టి చప్పట్లు ఎప్పుడు కొట్టాలో మాకు తెలిసేది కాదు. చుట్టూ అందరూ నిశ్శబ్దంగా ఉన్నప్పుడు ఆటో ఆయన లేచి ఈల వేసేవాడు. ఎదుటి జట్టువాళ్లు మమ్మల్ని వింతగా చూసేవాళ్లు.

పాప స్పోర్ట్స్ హాస్టలుకు పోయింది, రాష్ట్రం జూనియర్ జట్టుకు ఆడింది. డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా లీగులో ఆడే ఒక జట్టు కొత్త ఆటగత్తెల కోసం ట్రయల్స్ పెట్టింది. జీతమిచ్చి ఆడించుకునే ఆట అది. అక్కడికి పోయేముందు పాప వాళ్లమ్మకు ఒక మాట ఇచ్చింది. ఈసారి జట్టులోకి తీసుకోకపోతే ఆట మానేసి తిరుపతిలో బట్టల షాపులో పనికి చేరతానని. వాళ్లమ్మ గుజ్జు ఫ్యాక్టరీలో మామిడికాయలు కోసే పనికి పోతుంది. ఆమె బలవంతం చేసి తీసుకున్న మాట కాదు. పాపే ఇచ్చింది. అందుకే మాకు భయం ఎక్కువైంది. తానై ఇచ్చిన మాట ఆ పిల్ల తప్పదు.

ట్రయల్స్ అయిన రెండో రోజు మధ్యాహ్నం నా ఫోను మోగింది. పాప గొంతు, వెనక రైల్వే స్టేషను గోల.

"మామా, స్టాండ్‌బైలో పేరొచ్చినాది. అమ్మ ఫోను ఎత్తలేదు, నువ్వు చెప్పు. రైలు వచ్చేసినాది, పెట్టేస్తాండా."

నేను వాళ్లమ్మకు కబురు పంపి, టీ కొట్టుకు పరుగున పోయి చెప్పాను. అక్క రెండు చేతులూ జోడించి పైకి చూసింది. ఆటో ఆయనకు మాత్రం వివరం కావాలి.

"స్టాండ్‌బై అంటే ఏందప్పా?"

నేను తొందరపడి చెప్పే మనిషిని కాను. ఆలోచించాను. ఈలోపు ఆయనే తేల్చేశాడు.

"స్టాండు అంటే నిలబడేది. బై అంటే పక్కన. గోలు పక్కన నిలబడేది. అంటే బ్యాకే గదా! పెద్ద ఆటలో దానికి ఇంగ్లీషు పేరు పెట్టుకోనుంటారు."

చెప్పొద్దూ, నాకు కూడా అది సరిగ్గా అతికినట్టే అనిపించింది. తలూపాను. పాప ఆడే తీరే అది. పక్కకు పోయి నిలబడుతుంది. పైగా పేరు వచ్చిందని ఆమే చెప్పింది. ఇంకేం కావాలి?

ఆ సాయంత్రమే ఆటో ఆయన పుత్తూరు పోయి ఫ్లెక్సీ వేయించుకొచ్చాడు. నిలువెత్తు ఫ్లెక్సీ. మధ్యలో స్టిక్కు పట్టుకున్న పాప. పైన ఎర్ర అక్షరాల్లో "స్టాండ్‌బైగా ఎంపికైన మా ఊరి ఆడబిడ్డకు హృదయపూర్వక శుభాకాంక్షలు" అని. కింద వరసలో శుభాకాంక్షలు తెలిపేవాళ్ల ఫొటోలు: నల్ల కళ్లద్దాలతో ఆటో ఆయన, పెళ్లినాటి ఫొటోలో టీ కొట్టు అక్క, రేషను కార్డు ఫొటోలో నేను. కొట్టు ముందు బస్సు దిగేచోట రెండు కొయ్యలకు కట్టాం. వచ్చేపోయేవాళ్లందరికీ అక్క ఆ పూట టీతో పాటు మైసూరుపాకు ముక్క పెట్టింది.

మర్నాడు పొద్దున పీఈటీ సారు బస్సు దిగాడు. ఫ్లెక్సీ ముందు నిలబడి చదివాడు. మళ్లీ మొదటినుంచి చదివాడు. తర్వాత మా దగ్గరికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

"ఎవురు రాయించినారబ్బా అది?"

"నేనే సార్," అన్నాడు ఆటో ఆయన ఛాతీ విరుచుకుని.

"స్టాండ్‌బై అంటే జట్టులో లేనట్టు. ఆడేవాళ్లలో ఎవురికన్నా దెబ్బ తగిల్తే అప్పుడు పిలుస్తారు. తగలకపోతే బయట కూర్చోవాల్సిందే."

కొట్టులో పాలు పొంగాయి. అక్క పొయ్యి ఆర్పి ఆటో ఆయన వైపు తిరిగింది.

"నిలబడేది, పక్కన నిలబడేది అంటివే! నీ ఇంగ్లీషు పాడుగాను. ఊరందరికీ మైసూరుపాకు పంచిపెట్టించినావు గదరా నాచేత."

"ఈ అన్న తలూపినాడు గదక్కా! లెక్కల మనిషే ఊపితే నాదేం తప్పు?"

ఇద్దరూ కలిసి నా మీద పడ్డారు.

పాప పది గంటల బస్సులో దిగుతుందని అప్పటికే తెలుసు. ఆటో ఆయన ఫ్లెక్సీ విప్పడానికి కత్తి తీసుకుని లేచాడు. అప్పుడే పాప వాళ్లమ్మ వచ్చింది కూతుర్ని తీసుకుపోవడానికి. సారు ఆమెకు కూడా విషయం చెప్పాడు. ఆమె కొంగుతో మెడ తుడుచుకుని నన్ను అడిగింది.

"అన్నా, ఆడికి ఎంతమంది పిల్లోళ్లు పోయింటారు?"

"సరిగ్గా తెల్దుమా. శానా మందే పోయినారంట. అన్ని రాష్ట్రాలోళ్లూ."

"అంతమందిలో ఆడేవాళ్లకు ఒక్క మెట్టు కింద ఉండాది నా బిడ్డ. అంతేనా?"

"అంతే."

"అట్లయితే ఉండనీ. కత్తి లోపల పెట్టప్పా. కట్టింది విప్పేదెందుకు?"

పాప దిగింది. భుజాన సంచి, చేతిలో స్టిక్కు. కళ్లు ఉబ్బి ఉన్నాయి. తల ఎత్తగానే తన బొమ్మే ఎదురుగా నిలువెత్తున కనబడింది. చదివింది. కింద మా ముగ్గురి ఫొటోలు చూసింది. ముందు ఆమె భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకున్నాను. నవ్వుతోంది. నవ్వీ నవ్వీ సంచి కింద పెట్టి, పొట్ట పట్టుకుని కొయ్యకు ఆనుకుంది.

"మామా! స్టాండ్‌బైకి ఎవురన్నా ఫ్లెక్సీ ఏస్తారా? హాస్టల్లో చూస్తే నన్ను బతకనిస్తారా?"

"తెలీక ఏసినాం పాపా," అన్నాడు ఆటో ఆయన.

"ఈ ఫొటో ఎవురిది, రేషను కార్డులోదా?"

"నాదే," అన్నాను.

మళ్లీ నవ్వింది. తర్వాత నవ్వు ఆగి, వాళ్లమ్మ వైపు చూసింది. "మా, నేను మాటిచ్చినా గదా. వచ్చే నెలనుంచి షాపుకు..."

"షాపు యాడికీ పోదులే," అంది వాళ్లమ్మ. "ఊరి మొగాన ఇంత బోర్డు కట్టినాక బట్టలు మడతపెట్టేదానికి పోతే నవ్వరా? ఈ సీజను అయ్యేదాకా పిలుస్తారేమో చూడు. ఆడ కూర్చోమంటే కూర్చో."

స్టాండ్‌బై వాళ్లు కూడా జట్టుతో కలిసి సాధన చేయాలట. పాప నాలుగు రోజులు ఉండి పోయింది. పోయేముందు కాటా గదికి వచ్చి, ఊరికే కూర్చోబెడితే తానేం నేర్చుకుంటుందని అడిగింది. నాకు తెలిసింది ఒక్కటే చెప్పాను. ఇన్నేళ్లలో ఏ ఊళ్లో ఏ జట్టుతో ఆడినా ఎడమ జేబు కన్నా కుడి జేబు బరువైన రోజు రాలేదని. ఆమె నవ్వలేదు. తన స్టిక్కు కొనను కాసేపు చూసుకుని, "సరే మామా," అని పోయింది.

సీజను సగం అయ్యేదాకా పిలుపు లేదు. ప్రతి ఆటకూ ముందు ఫోనులో జట్టు పేర్లలో పాప పేరు వెతకడం, లేదని చూసి టీ తాగడం. ఎవరికో దెబ్బ తగలాలని కోరుకోకూడదు కదా. అక్క ఆ మాట పైకి అనకుండా జాగ్రత్తపడేది. ఆటో ఆయన మాత్రం అప్పుడప్పుడు, "జలుబు మాదిరి చిన్నదేదన్నా వస్తే తప్పా?" అనేవాడు.

ఒక ఆదివారం పొద్దున పాప ఫోను చేసింది. వెనక ఆడే ఒకామెకు మోకాలు పట్టేసింది. సాయంత్రం ఆటకు పాప పేరు రాశారు.

టీ కొట్టులో చక్కెర డబ్బాకు ఫోను ఆనించి నలుగురం కూర్చున్నాం. నాలుగో మనిషి పాప వాళ్లమ్మ. కూతురి ఆట ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆటల రోజులన్నీ పని రోజులే. నాలుగు భాగాల ఆటలో మూడింటిదాకా పాప బెంచీ మీదే ఉంది. చివరి భాగంలో దింపారు. మా జట్టు ఒక గోలు ముందుంది. బొమ్మ ఆగి ఆగి కదులుతోంది. పాప ఎక్కడుందో తెలియడం లేదు. వ్యాఖ్యానం చెప్పేవాళ్లు ఆమె పేరు ఒక్కసారి కూడా ఎత్తలేదు.

"పేరు చెప్పరేందప్పా వీళ్లు?" అని ఆటో ఆయన చిరాకు పడ్డాడు.

"చెప్పలేదంటే ఆ పక్క నుంచి ఎవురూ రాలేదని," అన్నాను.

ఆట ఇంకాసేపట్లో అయిపోతుందనగా ఎదుటి జట్టుకు పెనాల్టీ కార్నరు దొరికింది. అంటే గోలు ముందు నుంచి గట్టిగా కొడతారు, మనవాళ్లు గీత దగ్గరినుంచి ఎదురు పరుగెత్తి ఆపాలి. గోలీతో పాటు నలుగురు గీత మీద నిలబడ్డారు. నలుగురూ ముఖాలకు గట్టి మాస్కులు తొడుక్కున్నారు. బంతి ముఖానికి తగలకుండా.

"నా బిడ్డ ఏది?" అంది వాళ్లమ్మ.

ఎవరికీ తెలియలేదు. నలుగురూ ఒకే ఎత్తు, ఒకే చొక్కా. వీపుల మీది అంకెలు చదవాలని కళ్లద్దాలు పైకి తోసుకుని ఫోనులోకి వంగాను. అంకెలన్నీ అలుక్కుపోయి ఉన్నాయి. బంతి కదిలింది. నలుగురిలో ఒకామె అందరికన్నా ముందు దూసుకుపోయింది. కొట్టే ఆమె స్టిక్కు లేచింది. టక్కుమని చప్పుడైంది. బంతి గోలులోకి పోకుండా ఎక్కడో పక్కకు పోయి మైదానం దాటింది. ఈల మోగింది. ఆట అయిపోయింది.

ముందు దూకిన ఆమె మోకాళ్ల మీద కూర్చుని ఉంది. మిగతావాళ్లు చుట్టూ మూగి వీపు చరుస్తున్నారు. బొమ్మ దగ్గరికి జరిగింది. ఆమె చేతులు వెనక్కి పెట్టి మాస్కు పట్టీ విప్పుతోంది. అక్క నా చేయి గట్టిగా పట్టుకుంది. మాస్కు కిందికి దిగింది. చెమటకు తడిసిన మా పాప ముఖం.

ఆటో ఆయన ఈల వేశాడు, బస్సు కోసం నిలబడినవాళ్లందరూ తిరిగి చూసేట్టు. వాళ్లమ్మ మాత్రం ఫోనుకు ఇంకా దగ్గరగా జరిగి, వేలితో తెర మీది చెంప తుడవబోయింది.

"ఎంత చిక్కిపోయినాది సూడన్నా," అంది. "తినేదేమన్నా పెడతారా లేదా ఆడ?"