దొంగచాటుగా పోసిన నీళ్లు

మా మేనమామల ఊరు హుమ్నాబాద్ వెళ్లి వస్తూ, మొన్న చిరాగ్‌పల్లి దగ్గర రోడ్డు పక్కన కొత్తగా వెలసిన నర్సరీ ముందు మా అబ్బాయి కారాపితే, ఒక మల్లె మొక్క తీసుకున్నాను. నల్లటి ప్లాస్టిక్ సంచిలో నాలుగు గుప్పిళ్ల మట్టి, ఆ మట్టిలో మూరెడు మొక్క, ఆ మూరెడు మొక్కకే ఒళ్లంతా మొగ్గలు. నర్సరీ ఆయన సంచి నా చేతికిస్తూ, "రోజు నీళ్లు పొయ్యుండ్రి అమ్మా, ఒక్క రోజు గూడ ఎండనియ్యకుండ్రి" అని మరీ మరీ చెప్పాడు. ఆయన చెప్పింది మంచి మాటే. కానీ దారి పొడుగునా మొక్కను ఒళ్లో పెట్టుకుని కూర్చున్న నాకు ఆ మాట తప్ప మరొకటి వినబడలేదు. తొమ్మిదేళ్ల వయసులో, ఎవరూ చెప్పకుండానే, వద్దన్నా వినకుండా, నేనొక మల్లెచెట్టుకు రోజూ నీళ్లు పోశాను.

మన ఈడు వాళ్లకు చెప్పనక్కర్లేదు, డెబ్బైల నడుమ జహీరాబాద్‌లో ఇల్లంటే సగం ఇల్లు, సగం పెరడు. నాన్న పంచాయతీ సమితి ఆఫీసులో గుమాస్తా. ఇల్లు చిన్నదే గాని వెనక పెరడు పొడుగ్గా సాగి పక్కింటి గోడకు ఆనేది. అంతా ఎర్రమట్టి, వాన పడితే ముద్ద, ఎండ కాస్తే రాయి. ఆ రాయిలాంటి నేలలో మా అమ్మ పెళ్లయి వచ్చిన నాటి నుంచి పశువుల ఎరువూ పొయ్యి బూడిదా ఊడ్చిన ఆకులూ వేసి వేసి, చేత్తో కెలికితే గుల్లగా లేచేటట్టు చేసుకుంది. శివరాత్రి వెళ్లి చలి తగ్గిందంటే చాలు, ఆమె కొంగు నడుముకు బిగించేది. కాపు ఉడిగిన చిక్కుడు తీగలు పందిరి మీంచి లాగేయడం, కోహీర్ వైపు నుంచి బండి మీద వచ్చిన కందికట్టెతో కొత్త పందిరి కట్టడం, పూత అయిపోయిన చామంతి దుబ్బులు విడదీసి పిలకలు నీడన నాటడం, బెండ విత్తనాలు తడిగుడ్డలో మూటగట్టి నానబెట్టడం, బీరకూ కాకరకూ ఆనపకూ పాదులు చేయడం, గిన్నెలు తోమిన నీళ్లు వృథా పోకుండా తోటకూర మడికి సన్నటి కాలువ తీయడం, ఇలా ఒకదాని వెంట ఒకటి పనులు వచ్చేవి. ఆ రోజుల్లోనే కాముని పున్నమి రంగు కోసం మోదుగు పూలు తెచ్చి తొట్టిలో నానబోసేవాళ్లం. ఆ పచ్చి వాసన, కొత్తగా తవ్విన మట్టి వాసన, ఎక్కడి నుంచో గాలికి వచ్చే మామిడిపూత వాసన కలిసి, బడి నుంచి ఇంటికి రాగానే నాకు నిద్రలాంటిది కమ్మేది. మడుల మీద వాలే పిచ్చుకలను తోలడం నా పని. తోలుతూ తోలుతూ నేనే కునుకు తీస్తే పిచ్చుకలు విత్తనాలు ఏరుకుపోయేవి, అమ్మ మళ్లీ చల్లుకునేది.

మా వీధిలో ఎవరు కొత్తగా పాదు పెట్టినా మొదటి విత్తు మా అమ్మ చేత్తో పడాల్సిందే. ఆమె చెయ్యి మంచిదని పేరు. "అక్కా, జర వచ్చి నీ చెయ్యితోని రెండు ఇత్తులు ఏసిపో" అని పిలిచేవారు. ఝరాసంగం నుంచి అంగడికొచ్చే ఆడవాళ్లు కొందరు కొంగున ముడివేసుకున్న విత్తనాలు తెచ్చి ఆమె చేత తాకించుకుని పోయేవారు. అమ్మ పెద్దగా చదువుకోలేదు, నలుగురిలో నోరు విప్పి మాట్లాడే మనిషి కాదు, ఇంట్లో కూడా ఆమె మాట ఎవరూ పెద్దగా అడిగేవారు కారు. ఆమెను వెతుక్కుంటూ నలుగురు వచ్చేది ఏడాదికి ఆ పదిహేను ఇరవై రోజులే. ఆ రోజుల్లో ఆమె నడక మారేది. పిలిచిన ఇంటికి వెళ్లేముందు చేతులు కడుక్కుని పసుపు రాసుకుని వెళ్లడం నాకింకా కళ్లకు కట్టినట్టుంది.

పెరటి చివర, గోడను ఆనుకుని, మల్లెపొద ఉండేది. గోడకు అవతల ఖాలా వాళ్లిల్లు. ఖాలా అంటే వరుసకు పిన్ని అన్నమాట, వాళ్లు ముస్లింలు, మేము పుట్టకముందు నుంచీ ఇరుగుపొరుగు. ఆమె కూతురిని నేను ఆపా, అంటే అక్కా, అని పిలిచేదాన్ని. మల్లెలు మాల కట్టడం నాకు నేర్పింది ఆపానే, గోడ మీద కూర్చుని కాళ్లు మా పెరట్లోకి వేలాడేసి. ఆ ఏడు ఆపాకు నిఖా కుదిరింది, ఉగాది దాటిన పక్షం రోజులకు. వాళ్లలో మెహందీ నాడు పెళ్లికూతురికి తల నుంచి మణికట్టు దాకా పూలనగలే పెడతారు. ఖాలా గోడ దగ్గరికి వచ్చి, "అంగడి పూలు నాకొద్దక్కా, మీ చెట్టు పూలే గావాలె నా బిడ్డకు" అన్నది. "ఫికర్ జెయ్యకు, రెండు గంపలు పూయిస్త జూడు" అని మా అమ్మ మాటిచ్చింది. అంత ధైర్యంగా ఆమె ఎవరికైనా మాటివ్వడం నేను చూడటం అదే మొదలు.

మల్లె ఎండాకాలం విరగబూయాలంటే ముందు దానికి దాహం చూపించాలి, ఇది తెలిసినవాళ్లకు తెలుసు. పుష్యమాసంలో నీళ్లు ఆపేస్తారు. ఆకు పసుపెక్కి వాడిపోయాక దూసేసి, కొమ్మలు కత్తిరించి, మొదలు చుట్టూ మట్టి తోడి వేళ్లను కొన్నాళ్లు ఎండకు వదిలి, అప్పుడు ఎరువేసి నిండా నీళ్లు పెడితే, ఆ పొద మొగ్గలు తొడిగి ఊపిరాడనివ్వదు. "ఆ చెట్టు దిక్కు బొక్కెన పట్టుకోని పోకు" అని అమ్మ నాకు గట్టిగానే చెప్పింది. ఎందుకో చెప్పలేదు, నేను అడగలేదు.

కానీ మధ్యాహ్నాలు ఉంటాయి కదా. నాన్న ఆఫీసులో, అమ్మ వసారాలో చాప మీద, వీధి వీధంతా కళ్లు మూసుకుని ఉండే ఆ వేళలో అన్నానికి బడి నుంచి వచ్చి నేనొక్కదాన్నే పెరట్లో తిరుగుతుంటే, పెరడంతా తడిగా చల్లగా ఉండి ఆ మల్లెపొద ఒక్కటే మాడిపోతూ కనబడేది. అందరికీ అన్నం పెట్టి ఒక్కరిని గడప బయట నిలబెట్టినట్టు అనిపించి నాకు ఏడుపొచ్చేది. మొదటిరోజు చెంబెడు పోశాను. నేల బుసబుస పీల్చుకుంది. ఆ చప్పుడు ఎంత తియ్యగా ఉందో ఇప్పుడు చెప్పలేను. తర్వాత చెంబు చిన్న బొక్కెన అయింది. తడి కనబడకుండా పైన పొడిమట్టి చల్లి ఎండుటాకులు సర్దేదాన్ని. ఆ తెలివి నాకెవరు నేర్పారో తెలియదు. తర్వాత అమ్మ మట్టి తోడి చెట్టు వేళ్లు బయటపెట్టి ఎండకు వదిలినప్పుడైతే నా జాలి ఇంకా ఎక్కువైంది, వేళ్ల మీదే పోశాను.

ఈసారి ఆకు సరిగా పండలేదేమని అమ్మ ఒకటి రెండుసార్లు పొదను చూసి ఆగింది గాని, పెళ్లి దగ్గర పడుతోందని దూసేసి, చేయవలసినవన్నీ చేసింది. ఉగాదికల్లా పొద పచ్చగా, నిగనిగలాడుతూ లేచింది. అంతా ఆకే. అమ్మ రోజూ పొద్దున్నే కొమ్మకొమ్మా ఎత్తి చూసేది. మెహందీ ముందునాటికి లెక్కపెడితే ముప్ఫై మొగ్గలు కూడా లేవు. నాన్న బజారుకు పోయి, ఎక్కడి నుంచో బస్సులో వచ్చి అప్పటికే వాడు మొహం వేసిన పూలు తెచ్చాడు. అమ్మ వాటి మీద తడిగుడ్డ కప్పి, మా మొగ్గలు పైన పెట్టి, గోడ మీంచి కాక వీధి గుమ్మం గుండా తీసుకెళ్లింది. ఖాలా గంప అందుకుని, "చెట్టుదేమున్నదక్కా, వచ్చే ఏడు పూస్తది" అని అమ్మను లోపలికి లాక్కుపోయింది. ఆపా ఆ పూలే పెట్టుకుని నవ్వింది. నేను అమ్మ వెనక నిలబడి, నా చేతికి పెట్టిన మెహందీ వైపు చూస్తూ ఉండిపోయాను.

మరుసటి ఏడు వసంతంలో వీధి చివరి ఆమె కాకర విత్తనాలతో వచ్చింది. అమ్మ చేతులు రెండూ కొంగులో చుట్టుకుని, "నా చెయ్యి ఇప్పుడు మంచిగ లేదమ్మా, నువ్వే ఏసుకో" అన్నది. తర్వాత ఇంకెవరో వస్తే వాళ్లకీ అదే చెప్పింది. ఆ ఏడు మల్లె విరగబూసింది, నేను దాని దిక్కు పోలేదు కనుక. చెట్టు పూసింది, అది చెట్టు అదృష్టమని అమ్మ అనుకుంది. మాటిచ్చినప్పుడు పూయనిది ఆమె చెయ్యి దోషమని మనసులో పెట్టుకుంది. రెండు మూడేళ్లకు పిలిచేవాళ్లు మానేశారు. మా పెరట్లో పనులన్నీ యథాప్రకారం చేసుకునేది గాని, పసుపు రాసుకుని వీధిలోకి వెళ్లడం మాత్రం మళ్లీ చూడలేదు.

అప్పుడే చెప్పి ఉండవచ్చు. మొదట దెబ్బలకు భయపడ్డాను, తర్వాత సిగ్గుపడ్డాను, ఆ తర్వాత చెప్పకపోవడమే అలవాటైపోయింది. నా వల్ల మా అమ్మ చిన్నబోయి బతికింది, దీన్ని నేను మరోలా చెప్పుకోలేను.

ఎనభైల చివర మా అబ్బాయిని కని పుట్టింట్లో ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం అమ్మ మల్లె ఆకు దూస్తుంటే పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. చెంబు, బొక్కెన, పొడిమట్టి, అన్నీ. అమ్మ చెయ్యి ఆగింది. కోప్పడుతుందని ఎదురుచూశాను, కోప్పడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె నవ్వింది.

"నా మనసు కష్టపడొద్దని చెప్తున్నవు బిడ్డా. మూడు పూటలు ఆ మొదలు జూసుకుంట ఉన్న నేను. తడి ఉంటే నాకు కానరాకపోవునా?"

పొడిమట్టి సంగతి మళ్లీ చెప్పాను. "తొమ్మిదేండ్ల పోరికి గంత తెలివి ఎక్కడిది తియ్యి" అని నా తల నిమిరింది. ఒట్టు పెట్టాను. బాలింతవు, ఒట్లు పెట్టొద్దని మందలించింది. అంత బాగా దాచానన్నమాట, నేను చెప్పినా నమ్మనంత బాగా.

అంతలో గోడ అవతలి నుంచి ఖాలా కోడలు తొంగి చూసింది. కొత్తగా వచ్చిన పిల్ల, గుప్పిట్లో బీర విత్తనాలు, మొదటి విత్తు ఎవరితో వేయించాలో అత్తగారు అడిగి రమ్మన్నదట. అమ్మ ఒక్క క్షణం తన చేతులు చూసుకుని, నా భుజం మీద చెయ్యి వేసి, "నాది గాదు గని, నా బిడ్డ చెయ్యి మంచిది. ఎవ్వరు ఉపాసమున్నా ఓర్వది. ఆమెతోని ఏపించుకో" అన్నది. నేను వెళ్లాను. నీళ్లు పోసిన ఆ చేత్తోనే, పసుపు రాసుకుని, ఖాలా పెరట్లో విత్తనాలు వేశాను. అన్నీ మొలిచాయి. ఆ సంగతి అమ్మ బతికినన్నాళ్లూ అందరితో చెప్పుకుని మురిసింది.

ఇప్పుడు విత్తనాలు రంగురంగుల పొట్లాల్లో వస్తున్నాయి, ఎన్ని రోజులకు మొలుస్తాయో వాటి మీదే రాసి ఉంటుంది, ఎవరి చెయ్యీ అక్కర్లేదు. పెరళ్లు గదులైపోయాయి, గోడలు మనిషెత్తు దాటాయి. ఎవరైనా గుప్పిట్లో నాలుగు విత్తులు పట్టుకుని నా గుమ్మంలోకి వస్తే బాగుండునని ఒక్కోసారి అనిపిస్తుంది. మంచి చెయ్యి నాది కాదు, మా అమ్మదమ్మా అని చెప్పి, అప్పుడు వేస్తాను. ఇంతవరకు ఎవరూ రాలేదు.